గాజు పెట్టె ముందు నిలబడి మార్టినీ-హెన్రీని చదవడం ఎలా

"తాతయ్యా, ఇవన్నీ ఒకేలా ఉన్నాయి. దేని ముందు ఎక్కువసేపు నిలబడాలి?"

చౌమహల్లా ప్యాలెస్‌లో ఆయుధాల వరుస ముందు మా మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. తను తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ రోజు జనం ఎక్కువగా ఉండటంతో అక్కడ నిలబడి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక పాత కేలండర్ వెనుక వైపు పెన్సిల్‌తో బొమ్మలు గీసి చూపించాను. అవి చూసి మా అల్లుడు, "ఇదంతా రాసి పెట్టండి మామయ్యా, మళ్లీ వెళ్లేటప్పుడు మాకూ పనికొస్తుంది" అన్నాడు. అందుకే ఈ రాత.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో 38 ఏళ్లు లేత్‌ల దగ్గర, ప్రెస్సుల దగ్గర పనిచేశాను. తుపాకి కాల్చాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. కానీ 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ రైఫిల్ గురించి ఎంత చదివినా నాకు తనివి తీరదు. లోహం విషయంలో చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకోవడానికి పట్టిన పద్నాలుగేళ్ల కాలం అందులో కనిపిస్తాయి. ఆ తప్పు తుపాకిలో జరగలేదు, తూటాలో జరిగింది. కాబట్టి మీరు ఏ మ్యూజియంలో ఏ పాత రైఫిల్ ముందు నిలబడినా, కత్తి బిగించే మూతి వైపు చూడటం మానేసి, తూటా పెట్టే చోటు వైపు చూడండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

మొదట తేల్చుకోవలసింది, మందు ఎటు నుంచి పోసేవారన్నది. గొట్టం కింద పొడవాటి ఇనుప కడ్డీ ఉండి, వెనుక భాగంలో తెరుచుకునే మూత ఏదీ లేకుండా, పైన ఒక సుత్తి, దాని కింద చిన్న ముక్కు మాత్రమే ఉంటే అది మూతి వైపు నుంచి మందు కూరే తుపాకి. ఆ ముక్కు మీద రాగి టోపీ పెట్టేవారు కాబట్టి వీటిని మన దగ్గర టోపీదార్ తుపాకులు అనేవారు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ ఈ రకానిదే. మందు, గుండు కలిపి చుట్టిన కాగితం పొట్లాన్ని పళ్లతో కొరికి తెరవాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు మీద వచ్చిన అనుమానంతో 1857లో ఉత్తరాదిన నిప్పు రాజుకుంది. ఆ సెగ మన ఊరికీ తగిలింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆవరణ అదే. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా మా మనవరాలికి ఆ రెండు పేర్లూ గుర్తు చేస్తుంటాను.

కూరే తుపాకిని కాల్చాలంటే నిలబడాలి, లేదా కనీసం మోకాలి మీద లేవాలి. ఎంత అలవాటైన చెయ్యి అయినా నిమిషానికి మూడు గుండ్లకు మించి కాల్చలేదు. 1866 జూలైలో కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ప్రష్యా సైనికులు వెనుక నుంచి తూటా పెట్టే డ్రైజ్ తుపాకులతో, తాము నేల మీద పడుకుని కాలుస్తూనే ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించారు. దాంతో యూరప్‌లో ప్రతి దేశానికీ వెనుక తలుపున్న తుపాకి కావలసి వచ్చింది. బ్రిటన్ దగ్గర అప్పటికే లక్షల కొద్దీ కూరే ఎన్‌ఫీల్డ్‌లు ఉన్నాయి. వాటిని పారేయకుండా, జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ చూపిన పద్ధతిలో గొట్టం వెనుక భాగాన్ని సుమారు రెండున్నర అంగుళాల మేర కోసి, అక్కడ పక్కకు తెరుచుకునే దిమ్మ ఒకటి బిగించారు. ఇదే స్నైడర్-ఎన్‌ఫీల్డ్. పాత యంత్రానికి కొత్త భాగం తగిలించి ఇంకో పదేళ్లు నడిపించడం మా టూల్‌రూమ్‌లో నిత్యం చేసిన పనే కాబట్టి, ఈ స్నైడర్ మీద నాకు ప్రత్యేకమైన ఆదరం.

గాజు వెనుక స్నైడర్‌ను గుర్తుపట్టడం తేలిక. కుడివైపు పెద్ద సుత్తి అలాగే ఉంటుంది. దాని పక్కన, గొట్టం పైభాగంలో ఒక మూత. ఆ మూత కీలు కుడివైపున ఉంటుంది, అంటే పెట్టె మూతలా కుడికి తెరుచుకుంటుంది. సిపాయి సుత్తిని సగం ఎత్తి, మూత తెరిచి, దాన్ని కాస్త వెనక్కి లాగితే కాలిపోయిన తూటా డొల్ల బయటికి జరుగుతుంది. దాన్ని నెట్టివేసే ఏర్పాటేదీ లేదు. తుపాకిని పక్కకు తిప్పి వంపితే కింద పడుతుంది. పొడవు రకానికి గొట్టాన్ని కర్రతో కలిపి పట్టి ఉంచే ఇనుప కట్లు మూడు ఉంటాయి, పొట్టి రకానికి రెండు. లోపలి రంధ్రం 0.577 అంగుళాలు, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు. మన చిటికెన వేలు దూరేంత.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైన సుత్తి లేదు, పక్కన బోల్టు పిడి లేదు. చూడటానికి తుపాకి వీపు నున్నగా, శుభ్రంగా ఉంది. ట్రిగ్గర్ వెనుక మాత్రం, కర్ర మెడను ఆనుకుని ఉంగరంలా వంగిన ఇనుప మీట ఉంది. అలాంటిది కనిపిస్తే అక్కడే ఆగండి. అది మార్టినీ కుటుంబానికి చెందినది.

ఈ పేరులో ఇద్దరు మనుషులున్నారు. మూడో మనిషి పేరు కలవలేదు. బోస్టన్‌కు చెందిన హెన్రీ పీబాడీ 1862లో, మీట దించితే ముందు కొస కిందికి వాలే దిమ్మను కనిపెట్టాడు. కానీ దానికీ బయట సుత్తి ఉండేది, ప్రతిసారీ విడిగా ఎత్తాలి. స్విట్జర్లాండ్‌లోని ఫ్రావెన్‌ఫెల్డ్‌లో ఫ్యాక్టరీ నడిపిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీ ఆ సుత్తిని తీసేసి, దిమ్మ లోపలే ఒక సూది, దాని చుట్టూ చుట్టల స్ప్రింగు పెట్టాడు. మీట దించితే చాలు, స్ప్రింగు దానంతటదే బిగుసుకుంటుంది. ఇక గొట్టం ఎడిన్‌బరోలో తుపాకులు చేసిన అలెగ్జాండర్ హెన్రీది. లోపల ఏడు చాళ్లు, 22 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ చాళ్ల వల్లే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. 1860ల చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం అనేక రకాల తుపాకులను పరీక్షించి, ఒకరి యంత్రాన్నీ మరొకరి గొట్టాన్నీ జోడించింది. 1871లో ఈ జోడును ఆమోదించారు. పెద్ద ఎత్తున సైన్యం చేతికి వెళ్లింది 1874 నుంచి.

కేలండర్ వెనుక నేను గీసిన మొదటి బొమ్మ ఈ దిమ్మదే. ఊయల బల్లను ఊహించుకోండి, ఒక కొసకు మేకు కొట్టి ఉంది. మీట కిందికి నొక్కితే వెనుక కొస మేకు దగ్గరే ఉండిపోతుంది, ముందు కొస దిగుతుంది. గొట్టం వెనుక ద్వారం తెరుచుకుంటుంది. అదే కదలికలో ఒక చిన్న కొక్కెం పాత డొల్ల అంచును పట్టి వెనక్కి నెడుతుంది. దిమ్మ వీపు మీద గాడి ఉంటుంది. కొత్త తూటాను ఆ గాడిలో వేసి బొటనవేలితో ముందుకు తోస్తే, గొట్టం వెనుక తూటా కూర్చునే అరలోకి జారుతుంది. మీట పైకి లేపితే ద్వారం మూసుకుంటుంది, తుపాకి కాల్చడానికి సిద్ధం. అలవాటైన సైనికుడు నిమిషానికి పన్నెండు వరకు కాల్చేవాడు. బయట కొట్టుకునే భాగాలు లేవు, దుమ్ము దూరే సందులు తక్కువ, విరిగే ముక్కలు తక్కువ. యంత్రంగా ఇది చాలా గొప్ప పని. ఇంత తక్కువ భాగాలతో ఇంత పని చేయించిన బిగింపును నా ఉద్యోగ జీవితంలో నేను కొన్నిసార్లు మాత్రమే చూశాను.

మీకు కనిపించిన తుపాకి కుడి పక్కన, ఇనుప డబ్బా మీద నీటిబొట్టు ఆకారంలో చిన్న సూచిక కనిపిస్తుందేమో చూడండి. లోపలి సూది బిగిసి ఉందా, వదులుగా ఉందా అన్నది సుత్తి లేని తుపాకిలో బయటికి తెలియదు కదా. ఆ సంగతి చెప్పడానికే ఆ బొట్టు. బిగిస్తే ఒక వైపు, వదిలితే మరో వైపు తిరుగుతుంది.

సరే, ఇంత మంచి యంత్రానికి వచ్చిన చిక్కేమిటి?

తూటా. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, నాకు చేతితో తెలిసిన భాగం ఇదే. వూలిచ్‌లోని రాయల్ లేబొరేటరీలో పనిచేసిన కర్నల్ ఎడ్వర్డ్ బాక్సర్ స్నైడర్ కోసం ఒక తూటా రూపొందించాడు. పల్చటి ఇత్తడి రేకును కాగితం చుట్టినట్టు చుట్టి గొట్టం చేసి, అడుగున ఇనుప బిళ్ల బిగించాడు. చవక, తేలిక. దాన్నే మార్టినీకి కూడా వాడారు. కానీ మార్టినీ గుండు సన్నం, 0.450 అంగుళాలు. మందు మాత్రం ఎక్కువ, 85 గ్రెయిన్లు, అంటే ఐదున్నర గ్రాములు. అంత మందును సన్నటి గొట్టంలో పోస్తే తూటా చాలా పొడుగైపోతుంది. అందుకే కింద స్నైడర్ లావే ఉంచి, పైన మెడ సన్నం చేశారు, సీసా ఆకారం వచ్చింది. గుండు బరువు 480 గ్రెయిన్లు, సుమారు 31 గ్రాములు. తర్వాత వచ్చిన త్రీ-నాట్-త్రీ గుండు సుమారు 14 గ్రాములే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే మార్టినీ భుజాన్ని ఎంత బలంగా తన్నేదో తెలుస్తుంది.

చుట్టిన రేకు కాల్పుల వేడికి ఉబ్బి అర గోడకు అంటుకుంటుంది. ఆ నల్ల తుపాకిమందు కాలాక సగానికి పైగా మసి, ఉప్పుగా మిగిలి గోడకు పేరుకుంటుంది. ఇరవై, ముప్పై గుండ్లు వరుసగా కాలిస్తే గొట్టం పట్టుకోలేనంత వేడెక్కుతుంది. కొందరు సైనికులు ముందు కర్ర చుట్టూ పశువుల తోలు కుట్టుకునేవారు. ఆ స్థితిలో మీట దించితే కొక్కెం అడుగు బిళ్లను పట్టి లాగుతుంది. బిళ్ల ఊడి వస్తుంది, రేకు అరలోనే ఉండిపోతుంది. ఇక ఆ తుపాకి బరిసె కిందే లెక్క.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్చటి ఇత్తడి తొడుగును వేడి డై, అంటే ఉక్కు అచ్చు, లోంచి తీయబోయి సరిగ్గా ఇలాగే అంచు చింపేశాను. మిగిలిన తొడుగు లోపల అతుక్కుపోయింది. దాన్ని గీరి తీయడానికి ఒక పూట పట్టింది. మా మేస్త్రీ కేకలు వేయలేదు. "అంచును లాగితే గోడ రాదు, గోడకు బలం ఉంటేనే అంచు లాగినప్పుడు వెంట వస్తుంది" అన్నాడు. సూడాన్ ఎడారిలో 1885 జనవరిలో అబూ క్లియా దగ్గర, తూటాలు ఇరుక్కుని మనుషులు చనిపోయారని చదివినప్పుడు నాకు మా మేస్త్రీ మాటే గుర్తొచ్చింది. ఆ ఏడాదే ఒకే ఇత్తడి బిళ్లను ప్రెస్సు కింద సాగదీసి చేసిన అతుకులేని తూటా వచ్చింది. గోడ, అడుగు, అంచు అన్నీ ఒకే ముక్క.

మొదటి నుంచే అలా ఎందుకు చేయలేదని మనవరాలు అడిగింది. ఇత్తడిని ఒకే దెబ్బకు గొట్టంగా సాగదీయలేం. బిళ్లను గిన్నెగా, గిన్నెను గ్లాసుగా, గ్లాసును గొట్టంగా, మెట్టుమెట్టుగా లాగాలి. ప్రతి మెట్టుకూ ఇత్తడి గట్టిపడుతుంది, మళ్లీ కొలిమిలో కాల్చి మెత్తబరచాలి. ఒక్క మెట్టు తప్పించినా గోడ చీలుతుంది. దానికి ప్రెస్సులు కావాలి, డైలు కావాలి, ఖర్చు కావాలి. రేకు చుట్టడానికి ఇవేవీ అక్కర్లేదు. అమెరికాలో అప్పటికే సాగదీసిన తూటాలు చేస్తున్నారు. ఆ ఖర్చు మొదటే పెట్టి ఉండవలసిందని నేను గట్టిగా నమ్ముతాను.

సాగదీసిన ఇత్తడికీ ఒక జబ్బు ఉంది, అది మన దేశంలోనే బయటపడింది. మన వానకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాలు, ఎవరూ ముట్టుకోకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, లాగినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి గోడను చీల్చేవి. దీనికి వానకాలపు పగుళ్లు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. 1921లో పరిశోధకులు కారణం తేల్చారు. తూటాను చివరగా తగుమాత్రం వేడి చేసి ఆ బిగువు తీసేస్తే పగుళ్లు ఆగుతాయి. మేము ప్రెస్సు నుంచి వచ్చిన ఇత్తడి ముక్కలను కొలిమికి పంపిన ప్రతిసారీ ఆ పాఠమే పాటించాం, అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పట్లో నాకు తెలియకపోయినా.

ఈ సంగతి తెలిశాక గాజు పెట్టెలోని తుపాకి మీట పొడవు చూడండి. మొదటి మూడు మార్కులకు, అంటే మొదటి మూడు నమూనాలకు, మీట పొట్టిగా ఉంటుంది. 1880ల చివర్లో వచ్చిన నాలుగో మార్కుకు మీట బాగా పొడవు. కారణం అందం కాదు. ఇరుక్కున్న డొల్లను లాగడానికి బలం చాలక మీట పొడవు పెంచారు. పానా పొడవైతే బోల్టు తేలిగ్గా తిరిగినట్టే. అంటే తూటా చేసిన తప్పు తుపాకి ఒంటి మీద అంగుళాల లెక్కన రాసి ఉంది. మూడు మీటర్ల దూరం నుంచి కూడా దీన్ని చదవవచ్చు.

ఇప్పుడు అక్షరాలు. తుపాకి కుడి పక్కను జాగ్రత్తగా చూడండి. పైన కిరీటం, దాని కింద వి.ఆర్., అంటే విక్టోరియా రాణి. ఆ కింద తయారైన చోటు. ఎన్‌ఫీల్డ్ అని ఉంటే ప్రభుత్వ కర్మాగారం. బి.ఎస్.ఎ. అని మొదలైతే బర్మింగ్‌హామ్ కంపెనీ, ఎల్.ఎస్.ఎ. అని ఉంటే లండన్ కంపెనీ. తర్వాత సంవత్సరం. చివర రోమన్ అంకెలో మార్కు. రెండు గీతలుంటే రెండో మార్కు, మూడుంటే మూడు. దానికి దగ్గర్లో చిన్న ఒకటో రెండో మామూలు అంకె ఉంటుంది. అది తరగతి. కొత్త తుపాకి మొదటి తరగతి, వాడి అరిగినది రెండో తరగతికి దిగుతుంది.

అక్షరాలు అరిగి కనిపించకపోతే ఒక ఉపాయం. లోహం మీద గీతలు వెతకడానికి మేము దీపాన్ని ఎదురుగా పట్టేవాళ్లం కాదు, పక్క నుంచి, దాదాపు లోహానికి సమాంతరంగా పట్టేవాళ్లం. అలా పడిన వెలుగులో ప్రతి చిన్న గుంటకూ నీడ వస్తుంది, అక్షరాలు లేచి నిలబడతాయి. మ్యూజియంలో అయితే కాపలా ఉన్నవారిని అడిగి, అనుమతిస్తేనే ఫోను వెలుతురు అలా పక్క నుంచి వేయండి. లేకపోతే ఎదుటి నుంచి కాకుండా పెట్టె చివరి మూల దగ్గర నిలబడి వాలుగా చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లాకూ శుక్రవారం సెలవు. శనివారం, ఆదివారం రద్దీ ఎక్కువ, మామూలు రోజు ఉదయం వెళ్లడం మేలు.

భుజానికి ఆనించే కర్ర భాగాన్ని మన దగ్గర కుందా అంటారు. దాని మీద చెక్కలోకి దిగిన ముద్రల్లో బాణం గుర్తు వెతకండి. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి అది గుర్తు. బాణం పక్కన ఐ అనే ఆంగ్ల అక్షరం ఉంటే భారత ప్రభుత్వానికి చెందిన తుపాకి. రెండు బాణాలు మొనకు మొన తగిలేలా ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని వదిలించుకుని అమ్మేసిందని అర్థం.

ఆ ఐ అక్షరం కనిపిస్తే మరో లెక్క కూడా వేయండి. తయారైన సంవత్సరానికీ అది భారతీయ సిపాయి చేతికి వచ్చిన కాలానికీ మధ్య దూరం ఎంత? 1857 తర్వాత పాలకులు ఒక నియమం పెట్టుకున్నారు. భారతీయ సిపాయి చేతిలో ఎప్పుడూ ఒక తరం పాత తుపాకే ఉండాలి. మొదట చాళ్లు ఉన్న ఎన్‌ఫీల్డ్‌లనే లోపల నున్నగా తొలిచి ఇచ్చారు, గురి కుదరకూడదని. తెల్ల సైనికుడికి స్నైడర్ వచ్చినప్పుడు మనవాడి చేతిలో కూరే తుపాకి. వాడికి మార్టినీ వచ్చినప్పుడు మనవాడికి స్నైడర్. 1888లో వాడికి వరుసగా తూటాలు నింపుకునే లీ-మెట్‌ఫోర్డ్ వచ్చాక, 1890ల ఆరంభంలో మనవాడికి మార్టినీ దక్కింది. 1897 సెప్టెంబరు 12న వాయవ్య సరిహద్దు చౌకీ సారాగఢీలో 36వ సిక్కు పటాలానికి చెందిన 21 మంది చివరి వరకు పోరాడింది ఈ ఒక్కో తూటా మార్టినీలతోనే. అప్పటికి బ్రిటిష్ పటాలాలు దాన్ని వదిలేసి ఏళ్లు గడిచాయి. పక్కపక్కన నిలబడి చావవలసిన ఇద్దరిలో ఒకరికి తెలిసి తెలిసి పాత పనిముట్టు ఇవ్వడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పనిముట్లతో బతికినవాడికి ఇంతకంటే పెద్ద అవమానం ఉండదు.

హైదరాబాద్‌లో ఈ చూపును ఇంకా కొంచెం పదునుగా వాడాలి, ఎందుకంటే ఇక్కడ ఒకే ఊళ్లో రకరకాల సైన్యాలు ఉండేవి. నిజాం సొంత దళాలు, జమీందార్ల మనుషులు, బొల్లారంలో బ్రిటిష్ అధికారుల కింద ఉంటూ నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తెల్ల పటాలాలు. కంటింజెంట్ 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. కాబట్టి ఇక్కడి పాత తుపాకి మీద ముద్ర చూడకుండా ఇది ఫలానావారిదని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాగే గన్‌ఫౌండ్రీ పేరు విని ఈ రైఫిళ్లు అక్కడే పోతపోశారని అనుకునేవారూ ఉన్నారు. అది 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి అధికారి రేమండ్ నిజాం కోసం నడిపిన ఫిరంగుల కార్ఖానా. రేమండ్ 1798లోనే చనిపోయాడు. రైఫిల్ సంగతి అలా ఉంచండి, మార్టినీ అనే మనిషి పుట్టడానికే అప్పటికి ఇంకా మూడు దశాబ్దాలకు పైగా ఉంది.

నకిలీల గురించి కొద్దిగా. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేతి ఆకురాయితో మార్టినీలను అచ్చంగా చేసేవారు. ఆ పనితనానికి నేను నమస్కరిస్తాను. కానీ ముద్రల దగ్గర దొరికిపోతారు. ఆంగ్లం రాని చేయి ఎన్‌ఫీల్డ్‌లోని ఎన్‌ను తిరగేసి చెక్కుతుంది. వి.ఆర్. ఉంటుంది, కింద విక్టోరియా చనిపోయిన 1901 తర్వాతి సంవత్సరం ఉంటుంది. అచ్చుతో కొట్టిన అక్షరం లోతు అంతటా ఒకేలా ఉంటుంది, చేతితో చెక్కినది ఒక చోట లోతుగా, ఒక చోట పైపైన. నేపాల్‌లోని లగన్ సిలేఖానా భవనంలో దశాబ్దాల పాటు పడి ఉన్న వేల తుపాకులను 2003లో అమెరికా వ్యాపారులు కొనుక్కున్నాక నిఖార్సైన మార్టినీలు, స్నైడర్‌లు చాలా బయటికి వచ్చాయి. వాటిలో నేపాల్ వాళ్లు సొంతంగా రూపొందించుకున్న గహేంద్ర రైఫిల్ కూడా ఉంది, బయటికి మార్టినీలాగే కనిపిస్తుంది.

యుద్ధాల గురించి ఎవరైనా అడిగితే నేను ఒకే రోజు చెబుతాను. 1879 జనవరి 22. దక్షిణాఫ్రికాలో ఇసండ్ల్వానా దగ్గర జులూ సైన్యం మార్టినీలు పట్టిన బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టింది, 1,300 మందికి పైగా చనిపోయారు. అదే రోజు సాయంత్రం కొద్ది మైళ్ల దూరంలో రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర సుమారు 150 మంది అవే తుపాకులతో రాత్రంతా నిలబడ్డారు. తేడా తుపాకిలో లేదు. ఒక చోట మనుషులు మైదానంలో విడివిడిగా పరుచుకుని ఉన్నారు, మరో చోట ధాన్యం బస్తాల గోడ వెనుక, తూటాల పెట్టెలు చేతికందే దూరంలో ఉన్నాయి. మన దగ్గర అల్లూరి సీతారామరాజు ఈ సంగతి ఎరిగినవాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి ఆయన తుపాకులతో పాటు తూటాలు కూడా మోసుకెళ్లాడు.

చివరిగా, ఇలాంటి తుపాకి మీ ఇంట్లోనే బయటపడితే ఏం చేయాలి?

బొల్లారం వైపు మా మిత్రుడి పాత ఇల్లు కూల్చేటప్పుడు గోడ అలమరాలో గోనె గుడ్డ చుట్టిన పొడవాటి వస్తువు దొరికింది. నాకు ఫోను వచ్చేసరికి రెండు రోజులైంది. ఆ రెండు రోజుల్లో ఇంట్లోని కుర్రవాడు ఎమెరీ కాగితంతో, తీగ బ్రష్‌తో దాన్ని తళతళలాడేలా తోమేశాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. నేను వెళ్లి చూస్తే మీట ఉంది, దిమ్మ ఉంది, కుడి పక్క మాత్రం అద్దంలా ఉంది. కిరీటం లేదు, సంవత్సరం లేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం చేశారో చెప్పే అక్షరాలన్నీ పొడిగా నేల మీద రాలిపోయాయి. కుందా మీద సగం బాణం మాత్రం మిగిలింది. నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. అంతకన్నా భయం వేసిన విషయం, లోపల తూటా ఉందో లేదో ఎవరూ చూడకుండానే మీటను పదిసార్లు ఆడించారు.

కాబట్టి ఇలా చేయండి. ముట్టుకోకండి. మీట దించి చూడకండి. నల్ల తుపాకిమందు తేమ తగలకుండా ఉంటే నూరేళ్ల తర్వాత కూడా అంటుకుంటుంది. అందులో తూటా ఉందనే అనుకోండి. మూతి ఎటు ఉందో చూసుకుని ఆ వైపు ఎవరినీ వెళ్లనివ్వకండి. ఉన్న చోటే రెండు, మూడు ఫోటోలు తీసి, పోలీసు స్టేషన్‌కు ఫోను చేసి, వాళ్లనే రమ్మనండి. మీరే చేత్తో పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, బాగు చేసినా కాల్చలేని పాత తుపాకికే మినహాయింపు ఉంది. కాల్చగలిగే స్థితిలో ఉంటే అది ఎంత పాతదైనా లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. వందేళ్లు దాటిన వస్తువును విదేశాలకు పంపడం 1972 పురావస్తు చట్టం కింద నేరమని కూడా గుర్తుంచుకోండి, కొంటామని వచ్చేవారు ఆ సంగతి చెప్పరు.

అధికారులు పరీక్షించి, లోపల ఏమీ లేదని తేల్చి, మీకు అనుమతిస్తే అప్పుడు ముద్రల నకలు తీసుకోవచ్చు. దానికి ఇసుక కాగితం, చింతపండు, నిమ్మరసం, కొబ్బరి నూనె ఏవీ వద్దు. సంక్రాంతికి ధూల్‌పేటలో దొరికే పతంగుల కాగితం ఒకటి, మెత్తటి పెన్సిల్ ఒకటి చాలు. కాగితాన్ని ముద్ర మీద కదలకుండా పరిచి, పెన్సిల్‌ను మొనతో కాకుండా వాలుగా పట్టి, చాలా తేలిగ్గా ఒకే దిక్కుగా రుద్దండి. గుంటలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తాయి. నొక్కితే కాగితం చిరుగుతుంది, అందుకే ముందుగా ఇంట్లో అభ్యాసం చేయాలి. మా మనవరాలు నా పాత వెర్నియర్ కాలిపర్ మీది అక్షరాలతో మొదలుపెట్టింది. మొదటి కాగితం చిరిగింది, రెండోది మసకగా వచ్చింది. మూడోదానికి తయారీదారు పేరు పూర్తిగా వచ్చింది. దాని కింద, ముప్పై ఏళ్లు నా చేతిలో ఉన్నా నేను ఎన్నడూ గమనించని చిన్న అంకె ఒకటి కూడా వచ్చింది.